అవ్వ తాగని కృష్ణ నీళ్లు

నల్లా బిల్లు గొడవలో ఊరు ఊరంతా తిట్టుకుంది. నాకు మాత్రం కోపం వచ్చింది ఇద్దరి మీదే: మా బాపు మీద, ఆయన తమ్ముడు మా చిన్నబాపు మీద. ఆ కోపం ఇంకా పోలేదు.

నల్లగొండ జిల్లాలో మాది ఫ్లోరిన్ ఊరు. బోరింగు నీళ్లు తాగీ తాగీ బాపు వాళ్లమ్మ, మా అవ్వ నడుము వంగిపోయింది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే గోడ పట్టుకుని మెడ పక్కకు తిప్పాలి. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ కృష్ణ నీళ్లు వచ్చాయి. మొదటిసారి అవ్వ గ్లాసెడు తాగి, "గింత సప్పగున్నయేందే" అని మూతి ముడిచింది. తర్వాత చాన్నాళ్లు వేరే నీళ్లు ముట్టలేదు.

ధార సన్నగా వచ్చేది కాబట్టి అందరిలాగే మేమూ నల్లా చుట్టూ గుంత తవ్వి, అందులోకి దిగి పట్టుకునేవాళ్లం. మాకూ చిన్నబాపు వాళ్లకూ కలిపి ఒకటే గుంత, ఒకటే నల్లా. అవ్వ బిందె నిండాకే మిగతావి అన్నది రెండిళ్ల కట్టుబాటు.

సర్పంచి ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఒక పక్షం వాళ్లు గెలిస్తే నల్లా బిల్లు ఎత్తేస్తామన్నారు. చిన్నబాపు వాళ్ల వెంట తిరిగాడు, బాపు ఎదుటి పక్షం. అన్నం దగ్గర వాదించుకున్నన్నాళ్లూ సరదాగానే ఉండేది. బాపు ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా ఉపన్యాసం ఇస్తే, చిన్నబాపు చప్పట్లు కొట్టి ఏడిపించేవాడు. చెడింది పంచాయతీ ముందు పెట్టిన సభలో.

బాపు లేచాడు. "నీళ్లిడిసేటోని జీతం గా బిల్లుల నుంచే పోతాంది. అది బందైతే రేపు పైపు పగిల్తె ఎవన్ని అడుగుతం? ఇచ్చినోడే గల్ల పట్టి అడుగుతడు" అన్నాడు. అందులో నిజముంది.

చిన్నబాపు నేరుగా ఇంటికి పోయాడు. అవ్వను చెయ్యి పట్టి నడిపించుకొచ్చి జనం నడుమ నిలబెట్టాడు. "గీమె నడుము సూడుండ్రి. ఇన్నేండ్లు విషం తాపిండ్రు. ఇప్పుడు మంచినీళ్లకు గీమెను బిల్లు అడుగుతరా?" అందులోనూ నిజముంది. నన్ను తినేసేది అదే.

బాపైనా ఆమెను ఇంటికి తీసుకుపోవచ్చు కదా. "గా బిల్లు కట్టి అమ్మకు నీళ్లు తాపుతున్నది నేను, నువ్వు గాదు" అని ఆమె భుజం మీద చెయ్యేశాడు. ఈలలు, చప్పట్లు. అవ్వ ఎప్పుడూ నేల చూపులే కాబట్టి ఏడుస్తోందని ఎవరికీ తెలియలేదు. నేను కిందికి వంగి చూస్తే కనబడింది.

మర్నాడు పొద్దున్నే అవ్వ చెంబు పట్టుకుని బోరింగు వైపు నడిచింది. అడ్డం పడ్డాను. "అవ్వా, గా నీళ్లు మల్ల తాగుతవా? పాణం మీదికి తెచ్చుకుంటవా?"

"గా బోరింగు నన్ను నలుగుట్ల నిలవెట్టలే బిడ్డా" అంది.

చిన్నబాపు పక్షం గెలిచింది, బిల్లు పోయింది. కొన్నాళ్లకు నీళ్లు వదిలే మనిషి హైదరాబాదుకు కూలికి పోయాడు. పైవాడ వాళ్లు నల్లాలకు మోటార్లు బిగించారు. మా గుంతలో ధార ఇంకా సన్నబడింది. "నేను జెప్పలేదా" అని బాపు గోడ అవతలికి వినబడేలా అంటాడు. "బిల్లు కట్టిననాడు వరదలు పారినయా" అని అటునుంచి చిన్నబాపు గోడకే చెబుతాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

కట్టుబాటు మాత్రం ఇద్దరూ తప్పలేదు. చెరో బిందె ముందుగా నింపి అవ్వ గడప దగ్గర పెడతారు. ఆమె ఆ నీళ్లను దూడకు తాపుతుంది. 'తప్పయిందమ్మా' అని ఇద్దరిలో ఒక్కడు అంటే ఆమె తాగేదని నాకు తెలుసు. వాళ్లకూ చెప్పాను. ఇద్దరూ మళ్లీ బిల్లు సంగతే ఎత్తుకున్నారు.

ఇప్పుడు అవ్వ మంచం దిగలేకపోతోంది. దూడకు తాపమని ఆ రెండు బిందెలూ నాకే చూపిస్తుంది. ఆమె చెంబు తీసుకుని, నల్లా గుంత పక్కనుంచి, కొడుకులిద్దరూ చూస్తుండగా నేనే బోరింగు దగ్గరికి పోతాను. ఆమెను వంచేసిన నీళ్లు తెచ్చి, తల ఎత్తిపట్టి, నా చేత్తోనే తాపుతున్నాను.