పిడికిలి బాబాయి పెట్టిన గడ్డి

ఊరి పచ్చికబయలుకు కాపలాదారైన పిడికిలి బాబాయికి ప్రపంచంలో ఒకే ఒక్క కొలత తెలుసు. అది తన పిడికిలి. బయలును ముక్కలుగా విడదీసి కంచె కట్టాడు. పొద్దున్నే గడ్డిలో పిడికిలి ఆనించి చూస్తాడు. గడ్డిలో పిడికిలి మునిగిందా, పశువులు మేయవచ్చు. పైకి కనిపించిందా, ఆ ముక్కకు కంప అడ్డం పడుతుంది, మంద పక్క ముక్కలోకి మళ్లుతుంది.

"మొదలంటా మేపేస్తే రేపు మట్టి మేపుతారా?" అంటాడు.

సెలూన్‌లో కూర్చున్నా అదే వరస. నెత్తిమీద పిడికిలి పెట్టుకుని, "ఇంతకన్నా కిందికి కొయ్యకు, మళ్లీ మొలవదు" అన్నాడొకసారి.

"బాబాయ్, అక్కడ మొలవడం మానేసి చాలా కాలమైంది."

"అదే మరి! ఎవడో మొదలంటా మేపేశాడు!"

మాట వినని వాళ్లను మాత్రం ఊరికే వదలడు. పచ్చిక మీదుగా బండి నడిపాడని పశువుల డాక్టర్ని కూడా నలుగురిలో దులిపేశాడు. పశువులకు పెట్టినా పెట్టకపోయినా, మనుషులకు మాత్రం రోజూ గడ్డి పెడతాడని ఊరంతా నవ్వుకునేది.

ఆ వేసవిలో పాలావిడకు మాత్రం నవ్వు రాలేదు. ఆమెకున్నది ఒక్కటే ఆవు, అదీ ఈమధ్యే ఈనింది. మేత చాలక పాలు తగ్గిపోతున్నాయి. వాడికగా పాలు పోయించుకునేవాళ్లు ఒక్కొక్కరే మానేస్తున్నారు. ఇలాగే ఉంటే ఆవును అమ్ముకోవాల్సిందే. వాగు పక్క ముక్కలోనేమో గడ్డి ఏపుగా ఊగుతోంది, బాబాయి కంప తీయడు.

ఒకరోజు తనే కంప లాగి ఆవును తోలింది. బాబాయి పరుగున వచ్చాడు.

"ఆపు! కళ్లు నెత్తికెక్కాయా?"

"నీ పిడికిలేంటి బాబాయ్, మోకాలు కూడా మునుగుతుందిక్కడ! ఎందుకు మేపకూడదు?"

"కూడదంటే కూడదు! నీ ఒక్కదానికి తీస్తే మందంతా దిగుతుంది. బుద్ధుండక్కర్లా?"

మంద తోలుకొచ్చిన వాళ్లంతా చూస్తుండగానే ఆ ఉతుకుడు. పాలావిడ ఆవును తోలుకుని ఇంటికొచ్చి బావురుమంది. ఆ మనిషికి పిడికిలే గానీ గుండె లేదనుకుంది.

తెల్లారి చూస్తే ఆవు కరకరా నములుతోంది. దాని ముందు పచ్చగడ్డి మోపు, ఇంకా మంచు తడి ఆరలేదు. అంత పచ్చిక ఊళ్లో ఇంకెక్కడా లేదు. అనుమానంతో వాగు దగ్గరికి నడిచింది.

ముక్కలో ఒక అంచున గడ్డి కోసి ఉంది, సరిగ్గా పిడికిలెత్తు వదిలి. పక్కనే కొడవలి, దాని పక్కన నడుం పట్టుకుని కూలబడ్డ బాబాయి.

"ష్!" అంటూ దూరంగా ఒక గుబురు చూపించాడు. అందులో కౌజుపిట్ట గుడ్లు పొదుగుతోంది. "డెక్క పడితే చితికిపోతాయి. నిన్న అందరిముందూ చెబితే తెల్లారేసరికి గుడ్లు ఎవరి పెనం మీదో ఉండేవి."

పాలావిడ గొంతు తగ్గించింది. "నిన్న అంత గడ్డి పెట్టావు కదా బాబాయ్, మళ్లీ ఆ మోపెందుకు?"

"నిన్నటిది నీకు. ఇవాళ్టిది ఆవుకు. ఆ గుడ్లు పిల్లలై ఎగిరిపోయేదాకా దానికి రోజూ పెడతాను. నీకు మాత్రం అవసరాన్ని బట్టి."

ఆమె ఫక్కున నవ్వి, లేవలేక అవస్థ పడుతున్న ఆయనకు చెయ్యందించింది. బాబాయి సగం లేచి ఆగిపోయాడు. ఆమె పాదం పక్కన పిడికిలి ఆనించి చూశాడు.

"కాలు తియ్యమ్మా," అన్నాడు, "తొక్కేస్తున్నావు."