దీనమ్మత్త అప్పగించిన గునపం

పొద్దున్నుంచి ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నానో. సబ్బు అరిగింది గాని అరచేతుల్లోంచి గునపం తుప్పు వాసన పోలేదు. మామూలుగా కిటికీ తీస్తే మల్కాపురం గాలి, అంటే రిఫైనరీ గాలి, లోపలికొచ్చి ఇంట్లోని వాసనలన్నిటినీ మింగేస్తుంది. ఈవేళ దానివల్లా కాలేదు. ఒకప్పుడు దీనమ్మత్త ఇంటి తలుపు తోస్తే ఈ వాసనే వచ్చేది. ఈ గునపం ఆవిడ తలుపు వెనక ఉండేది. ఇప్పుడు మా తలుపు వెనక ఉంది.

దీనమ్మత్త నాకు చుట్టం కాదు. పక్కింటి మనిషి, నర్సుగా చేసి రిటైరయింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మా పేట క్రైస్తవుల సమాధుల తోటకు ఆవిడే ట్రస్టీ. ఎప్పుడో ఆ నేల రాసిచ్చిన రైతు పెట్టిన కట్టుబాటు ప్రకారం తోటను ఒక్క మనిషే చూసుకోవాలి, తను పోయేలోగా తర్వాతి మనిషిని పేరు పెట్టి చెప్పాలి. జీతం లేదు, కుర్చీ లేదు. ఉన్నవల్లా గేటు తాళం, గునపం. ఎవరింట్లోనైనా మనిషి పోతే ముందు ట్రస్టీ దగ్గరకే వస్తారు. ట్రస్టీ వెళ్ళి, చోటు చూపించి, మొదటి పోటు తనే వేయాలి. ఆ తర్వాతే గోతులు తవ్వే సింహాచలం పార ముట్టుకుంటాడు. ఆడమనిషి గునపం పట్టడమేమిటని మొదట్లో ఎవరో సణిగితే, "పురుళ్ళు పోసిన సేతులే గదా, ఇదీ సేత్తాయి" అందట.

నేను ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తాని. సెలవు రోజుల్లో ఆవిడకు తోడు వెళ్ళేదాన్ని. అప్పటికే తోట నిండిపోయింది. ఒకసారి ఆవిడ లోపల చీర మార్చుకుంటుంటే, తల్లి పోయిందని వచ్చిన పెద్దమనిషికి గుమ్మంలోనే "చోటు లేదండీ" అని చెప్పేశాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను. దీనమ్మత్త నావైపు చూడకుండా చెప్పులు తొడుక్కుని ఆయన్ని తోటకు తీసుకెళ్ళింది. వరస వరసా నడిపించింది. గోడ దాకా వెళ్ళాక ఆయన అక్కడే చతికిలపడి ఏడ్చాడు. లేచేదాకా ఆవిడ పక్కనే కూర్చుంది.

తిరిగొస్తూ నాతో అంది: "లేదన్న మాట కూకుని సెప్పకూడదే. ఆల్లతో నడిసి సెప్పాల. నువ్వు సెప్తే పగ. ఆల్ల కళ్ళు ఆల్లకి సెప్తే ఏడుపు. ఏడుపు నయం."

ఇంకో నియమం కూడా ఉంది. ఒక ఇంటివాళ్ళ పాత సమాధిని ఆ ఇంటివాళ్ళ కోసం మళ్ళీ తెరవచ్చు, కాని పాతిపెట్టాక ఇన్నేళ్ళని పెట్టిన గడువు తీరాకే. మా తోట పల్లపు నేల, ఎప్పుడూ చెమ్మే. "మట్టి తన పని తాను సేసుకోవాల. తొందరపెడితే సచ్చినోల్లకీ మరేద ఉండదు, బతికున్నోల్లకీ ఉండదు" అనేది. గడువుకు ముందు తెరవమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళనీ ఆవిడ ఒప్పుకోలేదు. నేను కళ్ళారా చూశాను.

ఆవిడ మంచానపడ్డాక ఒకరోజు పాస్టరుగారి ముందు నా పేరు చెప్పేసింది. నేనెందుకత్తా అంటే, "నీకు మొగమాటం లేదు. నువ్వంటే ఎవులికీ పెద్ద ఇష్టమూ లేదు. ఇంతకన్నా ఏటి గావాల?" అని నవ్వింది. నేనూ నవ్వాను. గేటు తాళమే కదా అనుకున్నాను.

అప్పటికి తోటలో మిగిలింది ఒక్కటే చోటు, ఆవిడ భర్త పక్కన ఆవిడ కోసం ఉంచుకున్నది. ఆ సంగతి పేటంతటికీ తెలుసు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముకునే ఒకామె భర్త పోయాడు. వాళ్ళకు ఇక్కడ పాత సమాధి లేదు. ఆమెను తోటంతా తిప్పి, దీనమ్మత్త మంచం దగ్గరకొచ్చి కూర్చున్నాను.

"నా సోటు ఉంది గదా, ఇచ్చీ" అంది.

"అది నీది. రేపు నీకో?"

"నానింకా బతికే ఉన్నాను గదే. ఆడికి ఇప్పుడు గావాల. ట్రస్టీ తనకోసం సోటు అట్టే పెట్టుకుంటే అది కాపలా కాదు, కబ్జా. మా ఆయన గడువు తీరడానికి ఎన్నాళ్ళుందేటి? అప్పటిదాకా నాను పోను, సూడు. అప్పుడు నన్ను ఆయన సమాధిలోనే పెట్టీ."

కోపంతోనే వెళ్ళి ఆ చోట మొదటి పోటు నేను వేశాను.

ఆవిడ లెక్క తప్పింది. వానలు వెనకబట్టకముందే పోయింది. ఆయన సమాధి గడువు తీరడానికి ఇంకా కొద్ది నెలలున్నాయి. ఆవిడ కొడుకు జాషువా స్టీల్‌ప్లాంటులో చేస్తాడు. శవం ఇంట్లో ఉండగా నా గుమ్మంలోకి వచ్చాడు. "నాన్న సమాధి తెరిసీ వదినా. కొద్ది నెల్లే గదా. ఎవులడుగుతారు?"

నిజమే, ఎవరూ అడగరు. సింహాచలం అడగడు, పాస్టరుగారు అడగరు. నేను చెప్పులు తొడుక్కుని జాషువాతో నడిచాను. వరస వరసా నడిచాం. వాళ్ళ నాన్న సమాధి దగ్గర ఆగాను. పలక మీద పైసగం ఆయన పేరు, కిందిసగం ఖాళీ. తన పేరు కోసం ఆవిడే అలా వదిలించింది. జాషువా దాన్ని చాలాసేపు చూశాడు.

"మా అమ్మ నిన్ను ఎందుకు ఏరిందో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. అది మెప్పు కాదు. అంతే, మళ్ళీ నాతో మాట్లాడలేదు.

సబ్బవరం అవతల, కొత్త లేఅవుట్ల రాళ్ళు పాతిన చోట, ముఖం తెలియనివాళ్ళ మధ్య పెట్టారు ఆవిణ్ణి. నేను వెనక వరసలో నిలబడ్డాను. సరిగ్గానే చేశానని పాస్టరుగారు అన్నారు. సరిగ్గా చేస్తే గుండె ఇలా ఎందుకుంటుందో ఆయన చెప్పలేదు. అప్పట్నుంచి ఎంతమందిని తోటలో తిప్పానో, ఎంతమంది గోడ దగ్గర కూలబడ్డారో. ఏడుపు నయమంది ఆవిడ. అదంతా పక్కన కూర్చుని వినేవాళ్ళకు ఏమవుతుందో చెప్పనేలేదు. నా తర్వాత నువ్వు చూసుకుంటావా అని ఎవరినైనా అడిగితే చూపు తిప్పేసుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను.

నిన్న దీనమ్మత్త మరిది కొడుకు వచ్చాడు. తండ్రి పోయాడట. "పెదనాన్న సమాధి గడువు తీరిపోనాది గదా అక్కా" అన్నాడు. తీరిపోయింది. తమ్ముడంటే ఆ ఇంటివాడే. కాదనడానికి నియమంలో చోటు లేదు. జాషువాకు కబురు పంపాను. "నువ్వే ట్రస్టీవి గదా" అన్నాడట.

ఈ పొద్దున పలక ముందు నిలబడ్డాను. సింహాచలం పార ఆనించుకుని ఎదురుచూశాడు. "కానీండమ్మా, ఎండెక్కిపోతంది" అన్నాడు. పైసగం మీద ఆయన పేరుంది, దాని మీద వేయలేను. కిందిసగం ఖాళీగా ఉంది. అక్కడే వేశాను. పలక అక్కణ్ణుంచే పగిలింది. గునపం తీసుకుని ఇంటికి నడిచి వచ్చాను.