నిన్నటి చేప కళ్లు

మధ్యాహ్నం ఒంటిగంటకు జంగ్లీఘాట్ బజారులో షట్టర్లు ఒకదాని వెంట ఒకటి గరగరమంటూ దిగుతాయి. మళ్లీ మూడింటిదాకా బేరాలుండవు. మా అండమాన్ దీవుల్లో సూర్యుడు తొందరగా లేస్తాడు, గడియారం మాత్రం మెయిన్‌ల్యాండ్‌దే. అందుకే మధ్యాహ్నమయ్యేసరికి అందరి రెప్పలూ వాలిపోతాయి. ఆ చప్పుడు వింటే నాకు సత్యవతి టీచరమ్మ గుర్తొస్తారు. పగలు నిద్రపోవడం తప్పు కాదని నాకు చెప్పిన మొదటి మనిషి ఆవిడ.

అప్పటికి నాకు ముప్ఫై దాటాయి. తెల్లవారుజామున మూడింటికే లేచి, పడవలు ఒడ్డు చేరే చోట చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని డైరీ ఫార్మ్ పేట వీధుల్లో తిరిగేదాన్ని. అక్కడి గవర్నమెంటు క్వార్టర్లలో టీచరమ్మ ఒక్కరే ఉండేవారు. బడిలో తెలుగు చెప్పేవారు. చేప తాజాదనం కంట్లో చూడాలని ఆవిడకు నేర్పింది నేనే. కన్ను తేటగా మెరుస్తుంటే ఈ రోజుది. పొర కమ్మి లోపలికి పోయి ఉంటే నిన్నటిది.

నాకు చదువు మీద ఆశ పుట్టింది ఒక అవమానం వల్ల. శ్రీకాకుళం వైపు నుంచి మా అక్క తన కూతురి చేత రాయించే ఉత్తరాలు ఓడలో వచ్చేవి. మా వీధి కొట్టు భయ్యా వాటిని చదివి పెట్టేవాడు. ఒకసారి అతను పదిమంది ముందు, "మీ అత్త ఇంకా నిన్ను అందరి తరవాతే తిననిస్తోందా?" అని అక్క మాటను గట్టిగా చదివేశాడు. నేను ఇల్లు చేరేలోపే ఆ మాట మా అత్తకు చేరింది. నెల రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. మా అక్క మాట నేనొక్కదాన్నే వినాలి. నాకు కావలసింది అంతే.

ఆ సంగతి చెబితే టీచరమ్మ, బడి నుంచి రాగానే ఒంటిగంటకు నాకు పాఠం మొదలుపెట్టారు. అక్షరాలు తడి చేతిలో చేపల్లా జారిపోయేవి. నాలుగో రోజు పలక మీదే తల వాల్చి నిద్రపోయాను. లేచేసరికి ఆవిడ పగలబడి నవ్వుతున్నారు. నా చెంప మీద "అ" తిరగబడి అచ్చయింది.

"నాకు బుర్ర నేదు టీచరమ్మా. వదిలెయ్యండి," అన్నాను.

ఆవిడ నా గడ్డం పట్టి వెలుగులోకి తిప్పి, "కళ్లు చూడు, నిన్నటి చేపలా ఉన్నాయి. బుర్ర లేక కాదే నరసమ్మా, నిద్ర లేక. ముందు పడుకో," అన్నారు.

నన్ను వదిలించుకోవడానికే అన్నారనుకున్నాను. చాప పరిచి, తలుపు దగ్గరకు వేశారు. అరగంట తరువాత లేపి, మొహం కడుక్కోమని పలక ఇచ్చారు. ఆ రోజు "అ"తో పాటు "అమ్మ" కూడా రాశాను. ముందు ఈదులాడిన అక్షరాలే నిద్ర లేచాక కదలకుండా నిలబడ్డాయి.

మా అత్త ఊరుకుంటుందా! ఒకరోజు వెతుక్కుంటూ వచ్చింది. నేను నిద్రలో ఉన్నాను. ఆ సంగతి తరువాత టీచరమ్మే నవ్వుతూ చెప్పారు.

"మా కోడలేదమ్మా?"

"చదువుకుంటోంది మామ్మగారూ."

"మరి లోపల ఆ గురకేటి?"

"మా పిల్లి."

"ఏం తిండెడుతున్నావమ్మా దానికి!" అంటూ వెళ్లిపోయిందట.

నిజంగానే ఒక పిల్లి ఉండేది. ఒక మధ్యాహ్నం నేనే ముందు లేచాను. టీచరమ్మ తలుపు దగ్గర కుర్చీలో, ఒళ్లో పిల్లల కాపీ పుస్తకాలతో, నోరు తెరిచి నిద్రపోతున్నారు. పిల్లి నా తట్టలో మిగిలిన చేపను లాక్కుపోతోంది. అప్పుడు తెలిసింది. ఆవిడా తెల్లవారకముందే లేచే మనిషి. ఆ ఇంట్లో ఉన్నది ఒక్క చాప. ఇన్నాళ్లూ తన అరగంట నాకిచ్చి, నా తట్ట పోకుండా, మా అత్త రాకుండా కాపలా కూర్చున్నారు.

మర్నాడు చాప మీద పడుకోనన్నాను. "నా చదువు ఎప్పుడో అయిపోయింది. నీదే మిగిలింది, పడుకో," అని కసిరారు.

ఎనిమిది నెలల తరువాత అక్క ఉత్తరం వచ్చింది. కొట్టు భయ్యా అలవాటుగా చెయ్యి చాచాడు.

"ఇటియ్యి దీదీ, చదువుతా."

"వద్దు భయ్యా. నానే సదువుకుంటాను."

దాన్ని బొడ్డులో దోపుకుని క్వార్టర్స్‌కు పరుగెత్తాను. టీచరమ్మ ఉత్తరం వైపు చూడలేదు, నా కళ్లు చూశారు. "ముందు పడుకో," అన్నారు. తల కింద ఆ కాగితం పెట్టుకుని నిద్ర పట్టదనుకున్నాను, పట్టింది. లేచి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాను. టీచరమ్మ వంటింట్లోకి వెళ్లిపోయారు, వినపడకూడదని. అక్క ఏం రాసిందో ఇక్కడ కూడా చెప్పను.

ఆవిడ రిటైరై ఓడెక్కి వెళ్లి చాలా ఏళ్లయింది. ఇప్పుడు లేరు కూడా. తట్ట దించేసినా నేను ఇంకా మూడింటికే లేస్తాను. ఒంటిగంటకు షట్టర్లు దిగగానే పుస్తకం తీస్తాను. తెరిచే ముందు అద్దంలో నా కళ్లు చూసుకుంటాను. నిన్నటి చేపలా ఉంటే పుస్తకం పక్కన పెట్టి, చాప పరుచుకుంటాను.