జవాబు కోసం ఆగిన తప్పెటగుళ్లు

మా ఊరి ఏట్లో ఇసుక తవ్వకం మీద నేను పెట్టిన అర్జీలకు ఇప్పటిదాకా ఒక్క జవాబూ రాలేదు. ఒక అధికారి నా ముందే అర్జీ తీసుకుని దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. అది నేను మరిచిపోలేదు.

పనిమీద నర్సీపట్నం వెళ్లినప్పుడు అక్కడి పర్యావరణ సభలో ఒక దళం ఆడుతున్న తప్పెటగుళ్లు చూశాను. గుండెలకు కట్టుకున్న రేకు తప్పెటలు వాయిస్తూ వరాహ నది మీద పాడుతున్నారు. "ఏట్లో ఇసకేదండీ బాబూ?" అని వేదిక మీది ముఖ్య అతిథిని అడిగి ఆగిపోయారు. ఆయన కాసేపు ఫోన్ చూసుకుని, లేచి కారెక్కాడు. పాట మళ్లీ మొదలవలేదు.

ఆట సగంలో ఆపేశారేమని దళం పెద్దను అడిగాను.

"జవాబు సెప్పేదాకా తరవాత సరణం ఎత్తం బాబూ. మా గురువు పెట్టిన పద్ధతి."

"ఆయన వెళ్లిపోయాడుగా?"

"ఎల్తే ఏటి? రేపు కోటవురట్లలో ఆట. ఆయన రాకపోయినా కుర్సీ ఏసి, దాన్నే అడుగుతాం. కుర్సీ అయితే లేసి పోదు కదండీ."

ఇంటికొచ్చి మళ్లీ అర్జీ రాశాను. ఈసారి అందులో ఒక్క ప్రశ్నే ఉంది. అయ్యా, మా ఏటి ఇసుక ఎక్కడికి పోతోంది? నేనూ తర్వాతి చరణం ఎత్తను. జవాబు చెప్పండి.