రొయ్యలకున్నపాటి గాలి

మా ఆయనకి కాట్రేనికోన దగ్గర రెండెకరాల రొయ్యల చెరువుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు కాసేపు ఆగితే చాలు, రొయ్యల కంటే ముందు ఈయన విలవిల్లాడిపోతారు. కరెంటు పోతే జనరేటరు, అది మొరాయిస్తే ఇంకోటి. "గాలందకపోతే పట్టుమని గంట బతకవే" అని పెళ్లయిన కొత్తలోనే నాకు పాఠం చెప్పారు.

ఆయన గురకతో నాకు పేచీ లేదు, అలవాటైపోయింది. కానీ మధ్యలో ఠక్కున ఆగిపోతుంది చూశారూ, అప్పుడు నా గుండె జారిపోయేది. మళ్లీ ఊపిరందుకునేదాకా సూత్రాలు పట్టుకుని కూర్చునేదాన్ని. కాకినాడ డాక్టరుగారు పరీక్షలు చేయించి, నిద్రలో శ్వాస ఆగిపోతోందని, ముక్కుకి మాస్కు తగిలించుకుని పడుకోవాలని గాలి పంపే మిషను రాసిచ్చారు.

మహానుభావుడు పెట్టుకుంటేనా! మొదటిరోజు బిగుతన్నారు. మర్నాడు దురదన్నారు. ఆ తరవాత అసలు సంగతి బయటపడింది. "ఎవరన్నా చూస్తే ఆఖరి ఘడియల్లో ఉన్నాననుకుంటారే!" దసరాకి జనరేటరుతో పాటు ఆ మిషనుకీ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, దండం పెట్టి బీరువా మీదకి ఎక్కించేశారు. అంత పూజ పుచ్చుకున్నాక పని కూడా చెయ్యాలా, పాపం!

మొన్న వేసవిలో నేను క్యారేజీ తీసుకెళ్తే, భోంచేసి చెరువుగట్టు మీది పాకలో నడుం వాల్చారు. గురక ఆగింది. ఎంతకీ ఊపిరి రాదు. చచ్చేంత భయమేసి కుదిపి లేపాను. "హాయిగా పడుకుంటే నీకేం పోయేకాలమే!" అని కసిరారు. ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఏరియేటర్ల స్విచ్చులన్నీ ఆపేశాను.

"ఓసి నీ దుంపతెగ! చచ్చిపోతాయే!" అంటూ లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

స్విచ్చుబోర్డుకి అడ్డంగా నిలబడ్డాను. "ఏం కాదులెండి. హాయిగా పడుకున్నాయి. ఆ చప్పుడు వాటికీ చిరాకంట."

"మతి పోయిందా? వాటికి ఊపిరాడొద్దూ?"

"రొయ్యలు పోతే మళ్లీ పిల్లల్ని తెచ్చి వదులుకుంటారు. మీరు పోతే నేనేం చెయ్యనండీ?" అన్నాను.

స్విచ్చుల వైపు చాచిన చెయ్యి ఆయన దించేశారు. స్విచ్చులు నేనే వేశాను.

ఆ రాత్రి ఇంటికొచ్చాక మిషను తనే దించి, దుమ్ము దులిపి, మాస్కు తగిలించుకున్నారు. మళ్లీ ఓసారి తీసి, "వీధి తలుపు గడియెట్టు. ఎవరూ చూడకూడదు" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అని గడియ పెట్టొచ్చి పక్కన నడుం వాల్చాను. ఊపిరి ఎక్కడా ఆగకుండా వస్తోంది. ఇన్నేళ్లలో మొదటిసారి, కాపలా కాయకుండా నిద్రపోయాను.