నాంచారి వేసిన జడలు

మా చిన్నప్పుడు... తెనాలిలో సిస్టర్ల బడిలో ప్రేయర్ గంటకు ముందు ఇంకో గంట కొట్టేవాళ్ళు. జడల గంట. ఆడపిల్లలందరం పొడుగుని బట్టి వరసలో నిలబడాలి. ముందున్న పిల్ల జడలు వదులైతే వెనకున్న పిల్ల విప్పి, దువ్వి, రిబ్బన్లు కట్టాలి. పేను కనిపించినా పైకి చెప్పకూడదు... అదీ రూలే.

ఆరో తరగతిలో నా ముందుకు నాంచారి వచ్చింది. రేపల్లె అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పిల్ల. హాస్టల్లో కొత్తగా చేరింది. నేను నందివెలుగు రైతుల పిల్లని. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"ఏమ్మా, దువ్వెన తేలేదా?" అంది పెద్ద సిస్టర్.

"తెచ్చానండి. వాసనండి సిస్టర్... చేపల వాసన."

"మీ ఇంట్లో చేపల పులుసు తినరా?"

"తింటామండి."

"పులుసులో లేని వాసన జడకెక్కడిది?"

వరసంతా నవ్వింది. నాంచారి నవ్వలేదు. "ఆదివారం మా నాన్న వస్తాడు సిస్టర్. నేను ఇంటికెళ్ళిపోతానండి" అంది, నేల చూస్తూ.

ఆ బళ్ళు పిల్లల మతం మార్చేస్తాయని ఇక్కడే, ఈ ఫేస్‌బుక్‌లోనే రోజూ రాసే పెద్దమనుషులున్నారు. అయ్యా, నేను అయిదేళ్ళు చదివాను. మా ఇంటి దేవుడు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజు సిస్టర్ ఏం మార్చిందో చెప్తాను, వినండి.

"అందరూ వెనక్కి తిరగండి" అంది.

నా తల నాంచారి చేతుల్లోకి వచ్చింది.

పీకుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. సెలవుల్లో వాళ్ళ నాన్న పక్కన కూర్చుని వలలు బాగుచేసే చేతులవి... చిక్కు తీస్తుంటే ఒక్క వెంట్రుక నొప్పెట్టలేదు. సాయంత్రం దాకా ఒక్క పాయ జారలేదు.

ఇంటికెళ్తే అమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరేశారే ఇంత బాగా?"

"సిస్టర్" అన్నాను.

మర్నాడు నా అంతట నేనే నాంచారి జడలు విప్పి మళ్ళీ వేశాను. వంకరగా వచ్చాయి. తడిమి చూసుకుని "రేపు నేర్పుతాలే" అంది. ఆదివారం వాళ్ళ నాన్న వచ్చి, ఒక్కడే తిరిగి వెళ్ళాడు.

మొన్న మా బడి పాత విద్యార్థినులం కలిశాం. బాపట్లలో హెడ్ మిస్ట్రెస్ ఇప్పుడు నాంచారి. ఇన్నేళ్ళకు ఆ అబద్ధం ఒప్పుకున్నాను.

"తెలుసే" అంది. "ఆ వారమే మీ అమ్మ బడికొచ్చి సిస్టర్‌ని మెచ్చుకుంది. సిస్టర్ నన్ను ముందుకు తోసి, జడలు వేసిన పిల్ల ఇదిగోనండి అంది."

"అమ్మేమంది?"

"నా రిబ్బను సరిచేసి వెళ్ళింది."

అమ్మ పోయే దాకా ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం... దాచుకున్నది ఒకే పిల్లని.

ఇప్పుడు పిల్లలు జుట్టు కత్తిరించుకుని, ఎవరి దువ్వెన వాళ్ళు సంచీలో పెట్టుకుని బస్సు దిగుతున్నారు. ఒకరి తల ఒకరి చేతిలో పెట్టే గంట ఏ బడిలోనూ వినపడటం లేదు...

మీ జడ ఎవరు వేశారో అందరూ రాస్తారు. మీరు ఎవరి జడ ముట్టుకోలేదో... అది రాయండి.