గంట తాడు ఎత్తు

మంగళవారం పొద్దున నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, పక్కింటి అబ్బాయి గోడ అవతల నిలబడి, "చిన్నమ్మా, అమ్మ ల్యాదు" అన్నాడు. చేతిలోని తడి చీరను బకెట్లో వేసి వాళ్ళింటికి పోయాను. కొన్ని నెలలుగా భయపడుతున్న కబురే. అయినా ఆ చీర ఆ రోజంతా బకెట్లోనే ఉండిపోయింది.

మా బేతంచెర్ల వీధిలో వాళ్ళమ్మను అందరూ అక్క అనేవారు. భర్త బండల పాలిష్ ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చి పీల్చి ముందే పోయాడు. కబురు చెప్పిన ఆ కొడుక్కి సొంత లారీ ఉంది. ఆదివారం చర్చి గంట కొట్టడం ఆమెకు అత్త నుంచి వచ్చిన పని. మేము చర్చికి పోయేవాళ్ళం కాదు, కానీ మా ఇంట్లో ఆదివారం పప్పు పొయ్యి మీదికి ఎక్కేది ఆ గంట వినే.

రొమ్ములో గడ్డ అని కర్నూలులో ఆపరేషన్ చేశాక ఆమె కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. జడ వేసుకోలేకపోతే ఏడవలేదు. రెండు చేతులా లాగే గంట తాడు అందకపోతే ఏడ్చింది. పాస్టరు గారు తాడుకు ఇంకో ముక్క కట్టిస్తామన్నారు.

"తాడు దించొద్దయ్యా. నా చెయ్యే పైకి వస్తాది" అంది.

కొడుక్కి వేరే ఆలోచన వచ్చింది. నంద్యాలలో ఒక దుకాణంలో, కూర్చుంటే ఒళ్ళంతా అదిరే కుర్చీలు అమ్ముతున్నారు. ముందు ఊరికే కూర్చోబెడతారు, అలవాటయ్యాక కొనమంటారు. లారీ టైర్లకని దాచిన డబ్బు దానికి పెడతానన్నాడు. తోడుగా నేనూ పోయాను. ముసలివాళ్ళు వరసగా కళ్ళు మూసుకొని అదురుతున్నారు. మీరేమీ చేయనక్కర్లేదు, అంతా అదే కదిలిస్తుందని కుర్చీలు అమ్మే పిల్ల చెప్పింది. అక్క ఆ కుర్చీని చాలాసేపు చూసింది.

"అది కదిలితే దానికి బలమొస్తాది. నాకేమొస్తాది పాపా?"

ఆ పిల్లకూ నవ్వాగలేదు. తిరుగు బస్సులో కొడుకు ముఖం మాడ్చుకుంటే, ముందు నీ టైర్లు చూసుకోప్పా అంది.

ఆపరేషన్ చేసినచోట నర్సమ్మ చూపించిన పద్ధతినే ఆమె పట్టుకుంది. వసారా గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను చీమల్లా పైకి నడిపించేది. నొప్పి పుట్టినచోట ఆగి, ఊపిరి వదిలి, మెల్లగా దించేది. తర్వాత చపాతీ కర్రను రెండు చేతులా పట్టుకొని, బాగున్న చేతి సాయంతో రెండోదాన్ని లేపేది. నాకు దేనికైనా గుర్తు ఉండాలి. వేళ్ళు ఆగినచోట బొగ్గుతో గీత గీసేదాన్ని. పిల్లల ఎత్తు కొలిచినట్టు నా చేతిని కొలుస్తాండావా అని ఎగతాళి చేసేది. నేను రాకపోతే మాత్రం గోడ మీంచి పిలిచేది.

మోకాళ్ళ నొప్పులున్న వీధి ఆడవాళ్ళూ వచ్చి చేరారు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచేవాళ్ళు. విసుగు పడినవాళ్ళతో అక్క, "రొట్టె ఒక్క తట్టు తడితేనే వెడల్పయితాదా? రోజూ రవ్వంత" అనేది.

గీతలు పైకి పోయాయి. క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం గంట మోగింది, తడబడుతూ. పప్పు గిన్నె పట్టుకొని అలాగే నిలబడ్డాను. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

ఎండాకాలంలో జబ్బు తిరిగొచ్చింది, ఎముకల్లోకి. వ్యాయామం దాన్ని ఆపలేదు. ఆపుతుందని ఆమె ఎన్నడూ అనలేదు కూడా. చెయ్యి వాచింది. నర్సమ్మ ఒప్పుకున్నంత వరకే చేస్తూ, గోడ దగ్గరికి మాత్రం పోయేది. వేళ్ళు రోజురోజుకూ కింద ఆగుతున్నాయి. నేను బొగ్గు తీయడం మానేశాను.

"గీయమ్మీ" అంది. "ఎక్కేటప్పుడు గీస్తివి. దిగేటప్పుడు గీయకుంటే అదేం లెక్క?"

గీశాను. పాత గీతల పక్కనే, ఒకదాని కింద ఒకటి.

చివరికి పాస్టరు గారిని తనే పిలిపించింది. కుర్చీలో కూర్చుని కొట్టేలా తాడుకు ముక్క కట్టమని, తన చీర కొంగు చింపి ఇచ్చింది. అది ఇచ్చేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. కొన్ని ఆదివారాలు అలాగే కొట్టింది.

సమాధికి తీసుకుపోయేముందు గంట కొట్టింది కొడుకు. చీర ముక్కను ముట్టుకోలేదు. ముడికి పైన, పాత తాడునే, చెయ్యి పూర్తిగా చాచి పట్టుకున్నాడు. అతను లాగిన ప్రతిసారీ కింద ఆ కొంగు, ఖాళీ కుర్చీ మీద అటూ ఇటూ ఊగింది.